కటౌటు చేతి కింద నిద్ర

ఎవరైనా ఫొటో తెచ్చి చూపిస్తే సాల్మన్ మాస్టారు ముందు అందులోని మనుషుల కాళ్లూ చేతులూ చూసేవారు. మొహాలు ఆఖరున. ఫొటోలు తీయడం నేర్చుకోవడానికి ఆయన దగ్గర అందరికంటే ముందు చేరినవాణ్ణి నేను. కాబట్టి ఈ సంగతి నేను చెబితేనే సరి. వేరేవాళ్లు చెప్పుకు తిరిగేది నమ్మొద్దు.

హైమవతి అనే శిష్యురాలు ఒక ఉదయం ఆయన్ను అడిగింది. "మాస్టారూ, సర్రియలిజం చిత్రకారులు కలలో మాదిరిగా, పొంతన లేనివాటిని పక్కపక్కన పెట్టి గీశారు. వీధి ఫొటోలు తీసే మనకు ఆ చూపు వాళ్ల నుంచే అబ్బిందని మీరే చెప్పారు. వాళ్లు కావాలని పక్కన పెట్టగా లేనిది, మనం పెడితే తప్పేమిటి? చూసేవాడికి రెండూ ఒకటే కదా?"

ఊరికే అడగలేదు. విజయవాడ గాంధీనగరంలో ఒక సినిమా హాలు గోడకు, విప్పేసిన హీరో కటౌటు తాలూకు చెయ్యి ఆనించి ఉంది. ఒక్క చెయ్యే, రెండు నిలువుల పొడుగు. దాని కింద ఎవరైనా నిద్రపోతే బావుండునని హైమ ఎన్నో పూటలు కాచుకుంది. ఎవరూ పడుకోలేదు. చివరికి కటౌట్లు మోసే ముఠా కూలీ అంకమ్మరావును పిలిచి, కాసేపు పడుకోమని ఫొటో తీసింది. ఆమె మాస్టారిని అడిగిన మర్నాడే అది ప్రదర్శనలో నడిమి గోడకెక్కాలి. కింద ఆమె పేరూ, సాల్మన్ మాస్టారి శిష్యురాలు అన్న మాటా ఉంటాయి. దాన్ని ముందే చూసి, వీధిలో దానంతటది దొరికిన దృశ్యమనుకుని పొగిడిన పెద్దమనుషులు ఎవరెవరో నాకు గుర్తే. ఒక్కడూ కాళ్లు చూడలేదు.

మాస్టారు ఆ ఫొటో చంకలో పెట్టుకుని మమ్మల్ని ఆ హాలు దగ్గరికే తీసుకెళ్లి, దాన్ని అంకమ్మరావు చేతికిచ్చారు. తోటి కూలీలు మూగారు.

"నిద్రపోతే నీ నోట్లో ఈగలు కాపురం పెడతయ్యి గదరా! ఇందులో నోరు మూసుకుని, కాలివేళ్లు బిగబట్టుకున్నావేందిరా?"

"అమ్మగారు ఎదురుగా నిలబడి చూస్తా ఉంటే నిద్రెట్టా పడుద్దిరా?" అన్నాడు అంకమ్మరావు.

అందరూ నవ్వారు. హైమ నవ్వలేదు. ఆ కాలివేళ్ల వంక చాలాసేపు చూసింది. "ఇది నువ్వే ఉంచుకో అంకమ్మరావూ" అంది. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "రేపు ఆ గోడ ఖాళీయే మాస్టారూ" అంది. ఆయన టీ చెప్పారు. అక్కడే కూర్చున్నాం.

మధ్యాహ్నం కూలీలు ఆ చేతిని తోపుడు బండి మీద వెల్లకిలా పడేశారు. తాళ్లు తెస్తానన్నవాడు ఎంతకీ రాలేదు. ఎండకు అలిసిపోయి అంకమ్మరావు బండెక్కాడు. ఆ పెద్ద అరచేతిలో ముడుచుకుని, తల్లి పక్కలో పిల్లాడిలాగా నిద్రపోయాడు. నోరు తెరుచుకుంది. కాలివేళ్లు వదులయ్యాయి.

హైమ చప్పుడు కాకుండా లేచి కెమెరా ఎత్తింది. అతని తలకాడ ఎవరో వదిలేసిన ఎంగిలి టీ గ్లాసు కనబడింది. పక్కకు తీసేద్దామని చెయ్యి చాపింది.

మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఉండనీ అమ్మా" అన్నారు, గొంతు బాగా తగ్గించి. "కల వాడిది."