ఎవరూ లేని రేవు

దొరలు ఏలే రోజుల్లో, ఒకానొక సముద్రతీర రాజ్యానికి నెమలిరేవు రాజధాని. అక్కడి గవర్నరు క్రాంప్టన్ దొరకు తన రాత మీద మహా మక్కువ. సీమలోని పెద్ద సర్కారుకు జాబు రాశాడంటే, కొలువులో పైకి చదివి వినిపించందే ముద్ర వేసేవాడు కాదు.

ఆయన దుబాసీ చెంగల్రాయుడు. దొర మాట జనానికి, జనం మాట దొరకు చెప్పడం అతని ఉద్యోగం. రెండో పని ఎప్పుడో గాని పడేది కాదు.

బంగళా ముందు గులాబీ తోట వేయాలని దొరకు బుద్ధి పుట్టింది. అక్కడేమో పడవవాళ్ల పల్లె ఉంది. పల్లె మాట ఎత్తకుండా, తోటకు అనుమతి కోరుతూ సీమకు రాశాడు. నెలల తర్వాత ఓడలో జవాబు వచ్చింది: "అక్కడ ఎవరి ఇళ్లయినా పోవునా? ఈ ఓడ తిరిగి వచ్చునప్పుడే బదులు పంపవలెను. లేనిచో తోట మాట మరువవలెను."

ఆ సాయంత్రం పల్లె పెద్ద నూకన్న దుబాసీ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మమ్మల్ని కొండవతలకి పొమ్మంటారంట గదా బాబూ. సముద్రం కూడా మాతో వస్తదా?"

"రాదు. చూద్దాంలే, ఇంటికి పో," అన్నాడు చెంగల్రాయుడు. ఉద్యోగం ఊడితే ఊడుతుందని ఆ క్షణంలోనే తేల్చుకున్నాడు.

మర్నాడు దొర తాను రాసిన బదులు జాబు కొలువులో చదివాడు: "ఆ ఇసుక మీద నరమానవుడెవడును నివసించుట లేదు."

కొలువంతా తలూపింది. "ఎలా ఉంది రాయుడూ?" అన్నాడు దొర.

"అద్భుతం దొరా. ఒక్క వాక్యంలో అరవై ఇళ్లు ఖాళీ అయ్యాయి."

దొర దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. ముద్ర వేసి జాబు చేతికిచ్చాడు. "మధ్యాహ్నం గాలికి ఓడ బయలుదేరుతుంది. వెంటనే పంపు."

నెమలిరేవులో ఓడలు ఒడ్డు దాకా రాలేక దూరానే లంగరు వేసేవి. ఆ అలల్లో దొరల పడవలు బద్దలయ్యేవి. కొబ్బరితాళ్లతో కుట్టిన పల్లె పడవలే ఓడ దాకా పోగలిగేవి.

మధ్యాహ్నం దొర దుర్భిణీ పెట్టి చూస్తే ఓడ తెరచాపలు విప్పుతోంది. కిందికి చూస్తే చెంగల్రాయుడు వసారాలో కూర్చుని ఉన్నాడు. జాబు అతని ఒళ్లోనే ఉంది.

"ఇంకా పంపలేదా?"

"తీసుకెళ్లేవాళ్లు లేరు దొరా."

"నూకన్న ఏమయ్యాడు?"

"ఏ నూకన్న?"

"ఆ పల్లె నూకన్నయ్యా."

"ఏ పల్లె దొరా?"

దొర ముఖం కందిపోయింది. "ఎదురుగా పొయ్యిల పొగ లేస్తోంది, కనపడడం లేదూ?"

"కనపడుతోంది. కాని తమరి ముద్ర పడిన కాగితం నా చేతిలో ఉంది. నా కళ్లను నమ్మాలో, తమరి ముద్రను నమ్మాలో తేలక కూర్చున్నాను. నూకన్నను పిలిస్తే ఈ జాబు ఓడ చేరకముందే అబద్ధమైపోతుంది. మనుషుల్లేని రేవులో పడవ ఎవరు నడిపారని కప్తాను సీమలో చెప్పుకుంటాడు. పిలవకపోతే జాబు చేరదు."

"అయితే నేను ఈదుకుంటూ పోయి ఇవ్వాలా?"

"తమరి హోదా చూసి అలలు ఆగుతాయేమో, నాకు తెలియదు."

దొర ఓడ వంక చూశాడు, పొగ వంక చూశాడు. మీసం కొస ముందు కదిలింది, తర్వాత పొట్ట కదిలింది. పకపకా నవ్వుతూ ముద్ర పగలగొట్టాడు. ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాడు: "ఇచ్చట అరవై ఇళ్ల పడవవారు కలరు. వారు లేనిచో ఈ జాబు తమకు అందదు. తోట ప్రయత్నము విరమించుకొంటిని."

తర్వాత తన వెండి సిరాబుడ్డి తీసి చెంగల్రాయుడి చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంటేనే నాకు క్షేమం."

పడవ నీళ్లలోకి తోస్తూ నూకన్న అడిగాడు, "ఇందులో ఏం రాశారు బాబూ?"

"నువ్వు ఉన్నావని రాశారు."

నూకన్న తెడ్డు అందుకున్నాడు. "ఆ ముక్క సీమ దాకా పోయి చెప్పాలా? బంగళాలో చెబితే సరిపోయేది."