గిడ్డయ్య పేరెత్తిన సుంకులమ్మ

అనగనగా ఒక కొండ. కొండమీద కోట ఉంది గాని, కోటకు గడప లేదు. పాలెగాడి కంటికి మామూలు గడప ఆనదు మరి. ఏనుగంత బండే కావాలన్నాడు. అనడానికి ఆయనకేం, నోరు నొప్పా? లాగాల్సింది రాతిపని చేసే ఒడ్డెరవాళ్ళు.

ఆ ఒడ్డెరవాళ్ళలో సుంకులమ్మ ఒకతె. మగవాళ్ళు ముందు తాళ్ళు పట్టి లాగితే, ఆమె మొగుడు తిప్పన్న ఇంకో ఇద్దరితో కలిసి వెనకనుంచి గడకర్రలతో బండను ఎగదోసేవాడు. బండ జానెడు కదలగానే సుంకులమ్మ దాని వెనక అడ్డుచెక్క పెట్టేది. అదే ఆమె పని. పాట పాడేది ముసలి ఓబులప్ప. ఆయన చరణం ఎత్తుకుంటే, అందరూ "కదులు తల్లీ కదులు" అని ఒక్కసారే లాగేవాళ్ళు. పాట తప్పితే లాగు తప్పుతుంది. లాగు తప్పితే బండ వెనక్కి వస్తుంది.

వాళ్ళకో కట్టుబాటు ఉండేది. ఒక బండకు పాడిన చరణం ఆ బండకు మళ్ళీ పాడకూడదు. పాడితే బండకు కోపం వస్తుందని భయం. ఓబులప్ప రాముణ్ణి పాడాడు, శివుణ్ణి పాడాడు, ఊరూరి అమ్మవార్లనూ పాడాడు. కోట ముందరి చివరి ఎత్తుకు వచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు.

అక్కడ కొండంతా నున్నటి చట్టు, పట్టు దొరకని ఒకే రాతిపరుపు. సుంకులమ్మ చెక్క పెట్టింది, జారింది. మళ్ళీ పెట్టింది, జారింది. మూడోసారి చెక్క నిలువునా చీలింది. ఇక బండను ఆపుతున్నది తాళ్ళే, తాళ్ళను ఆపుతున్నది చేతులే. బండకు దిగువనే గడకర్ర పట్టుకుని తిప్పన్న ఉన్నాడు.

"పాట ఎత్తండప్పా ఎవురో ఒకరు. తట్టుకోలేకుండాం," అన్నాడు తిప్పన్న కిందనుంచి.

"ఏం పాడేది? దేవుళ్ళంతా అయిపోయిరి," అన్నారు తాళ్ళ దగ్గరివాళ్ళు.

దేవుళ్ళు అయిపోయారు. మిగిలింది తమ బతుకే. ఆడది పాట ఎత్తడం అంతవరకూ లేదు. సుంకులమ్మ ఎత్తింది. ఎదురుగా కనబడిన చేతులనే పాడింది.

"తోలూడిన చేతికి తాడే మందమ్మా..."

"కదులు తల్లీ కదులు."

తాడు బిగిసింది. బండ జానెడు కదిలింది.

"కోట కట్టేటోళ్ళకు కొట్టమే లేదమ్మా..."

"కదులు తల్లీ కదులు."

తాడు బిగిసింది. బండ జానెడు కదిలింది.

ఇంకొక్క లాగు చాలు. ఆమెకు మాట దొరకలేదు. తాళ్ళు చేతుల్లో జారుతున్నాయి. బండ వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. సుంకులమ్మ మనసులో ఒక్క మాటే ఉంది, అది నోట రాకూడని మాట. కిందటేడు ఇదే చట్టుమీద ఆమె తమ్ముడు గిడ్డయ్య బండ కింద పడి చనిపోయాడు. అలా పోయినవాడి పేరు బండ దగ్గర ఎత్తకూడదు. ఎత్తితే బండ ఇంకొకణ్ణి అడుగుతుందంటారు. అడిగితే ఎవరిని అడుగుతుందోనని ఆమెకు చచ్చేంత భయం వేసింది. అయినా కళ్ళు మూసుకుని పాడింది.

"గిడ్డయ్య గంజి కుండలోనే ఉందమ్మా..."

ఎవరూ పలకలేదు. అప్పుడు బండ కిందనుంచి తిప్పన్న ఒక్కడే అన్నాడు, "కదులు తల్లీ కదులు."

వెంటనే అందరూ అందుకున్నారు. తాడు బిగిసింది. బండ జానెడు కాదు, ఒక్క ఊపున బారెడు కదిలి కోట ముంగిట పడింది.

తిప్పన్న పైకెక్కి వచ్చేదాకా సుంకులమ్మ కళ్ళు తెరవలేదు. వచ్చాక అతని చెయ్యి పట్టుకుని బావురుమంది. పోయినవాడి పేరెత్తి కట్టుబాటు తప్పినందుకు ఓబులప్ప తిడతాడనుకున్నారంతా. ఆయన దగ్గరికి వచ్చి, పూడిన గొంతుతోనే గొణిగాడు.

"నా కొడుకూ బండ కిందనే పాయ కూతురా. ఎర్రన్న వాని పేరు. ఇన్నేండ్లు ఈ నోటితో ఒక్కసారన్నా ఎత్తలేదు. వాన్ని కూడా పాటలో ఎయ్యమ్మా."

ఆనాటినుంచి ఆమె బండల పని మానలేదు, పాటలు కట్టడమూ మానలేదు. ఎక్కడెక్కడి ఒడ్డెరవాళ్ళో తమవాళ్ళ పేర్లు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె అందరినీ పాటలో కలుపుకుంది. ముసలిదై, ఒకనాడు తనూ పోయింది.

ఇప్పటికీ ఆ వైపు బండ లాగేవాళ్ళు మొదటి చరణం సుంకులమ్మ పేరుమీదే ఎత్తుతారు. పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా సరే, తాడు చేతికిచ్చే ముందు ఒక్క మాట అడుగుతారు.

"మీ ఇంట్లో ఎవురి పేరు ఎత్తాలప్పా?"