సుదర్శనం గారి ముక్కు

మెల్‌బోర్న్ శివార్లలో సుదర్శనం అనే పెద్దమనిషి ఉండేవాడు. మంచివాడే గానీ, "నాకు తెలియదు" అనే మాట మాత్రం చచ్చినా ఆయన నోట్లోంచి వచ్చేది కాదు.

ఆ చుట్టుపక్కల కొందరు తెలుగువాళ్ళు సరదాకి ఇంట్లోనే బీరు కాచుకునేవారు. నెలకోసారి ఎవరిదో ఒకరి గరాజ్‌లో చేరి, ఒకరు చేసింది ఒకరు రుచి చూసేవారు. అక్కడ సుదర్శనం మాటంటే మాటే. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "బార్లీ కాస్త మాడింది" అన్నాడంటే మాడినట్టే. అలాంటి ముక్కు, కిందటి చలికాలం ఒక పాడు జ్వరం వచ్చి పోయాక పనిచేయడం మానేసింది. మల్లెపూలూ ఒకటే, మురుక్కాలవా ఒకటే. నాలుకకి తీపి, చేదు, పులుపు తెలిసేవి, అంతే.

ఆ సంగతి చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. "పెద్దవాణ్ణి, నేను చివర్లో చెబుతాను. ముందు మీరు తాగండి" అనడం మొదలుపెట్టాడు. వాళ్ళు తాగుతుంటే వాళ్ళ మొహాలు చూసేవాడు. మొహం ముడుచుకుంటే బాగాలేదు, వెలిగితే బాగుంది. ఎలాగో బండి లాగిస్తున్నాడు గానీ, అందరూ చేరే రోజు దగ్గరపడేకొద్దీ ఆయనకి తిండి సయించేది కాదు, కంటి మీద కునుకు ఉండేది కాదు.

ఒక సాయంత్రం హైమ ఆయన ఇంటికి వచ్చింది. బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి. మొదటిసారి తన చేత్తో బీరు కాచి, కొంచెం గ్లాసులో పట్టుకొచ్చింది.

"అన్నయ్యా, ఇంకా సీసాల్లో పోయలేదు. ఏదో వాసన వస్తోందని నాకు అనుమానంగా ఉంది. బాగాలేదంటే పారబోసి మళ్ళీ కాచుకుంటాను. ఆదివారం అందరి ముందూ పెట్టాలంటే భయంగా ఉంది," అంది.

సుదర్శనం గ్లాసు అందుకున్నాడు. చూసుకోవడానికి హైమ మొహం తప్ప ఇంకో మొహం లేదు.

"నీకెలా ఉందమ్మా?" అన్నాడు మెల్లగా.

"అది ఏ వాసనో నేను చెప్పను. నా మాట విన్నాక మీకూ అలాగే అనిపిస్తుంది. మీరే చెప్పండి."

ఒక గుక్క తాగాడు. చేదు సరిగానే ఉంది. వాసన సంగతి దేవుడికే తెలియాలి. ఇప్పుడైనా చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే ఇన్నాళ్ళూ నాటకమాడాడని అందరూ నవ్వుతారు.

"భేషుగ్గా ఉంది. అనుమానం పెట్టుకోకు," అన్నాడు.

హైమ మొహం చేటంత అయింది.

ఆదివారం మస్తాన్‌వలీ అనే స్నేహితుడి గరాజ్‌లో అందరూ చేరారు. సుదర్శనం ఒక మూల కూర్చున్నాడు. హైమ అందరికీ గ్లాసుల్లో పోస్తూ, "అన్నయ్య ముందే రుచి చూశారు, భేషుగ్గా ఉందన్నారు," అని సంబరంగా చెప్పుకుంది. అందరూ తాగారు. ఒక్కొక్క మొహమే ముడుచుకుపోవడం సుదర్శనం చూస్తూనే ఉన్నాడు.

"ఏమనుకోకు హైమా, ఫినాయిలుతో కడిగిన ఆసుపత్రిలా ఉంది," అన్నాడు మస్తాన్‌వలీ. "గిన్నె దేంతో కడిగావు?"

"బ్లీచింగ్ నీళ్ళతో," అంది హైమ. "కానీ అన్నయ్య బాగుందన్నారు."

అందరూ సుదర్శనం వైపు తిరిగారు.

"నాకు చూపించినప్పుడు బాగానే ఉంది. తర్వాత సీసాలు కూడా ఆ నీళ్ళతోనే కడిగి పాడుచేసుకుని ఉంటావు," అనేశాడు.

హైమ ఆయన మాటే నమ్మింది. "అంతే అయ్యుంటుంది. నాకిది చేతకాదు. నా గిన్నె ఎవరికైనా కావాలంటే తీసుకోండి," అంటూ సీసాలు సర్దుకోసాగింది. కళ్ళనిండా నీళ్ళు.

సుదర్శనానికి తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి నిలబడ్డాడు.

"తప్పు నీది కాదమ్మా. జ్వరం వచ్చినప్పటి నుంచీ నా ముక్కుకి ఏ వాసనా తెలియడం లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నింద కూడా నీ మీదే వేశాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది అనిపించింది ఆయనకి.

హైమ కళ్ళు తుడుచుకుంది. "నా ముక్కు నాకు నిజమే చెప్పింది అన్నయ్యా. మీరు తెలియదని చెప్పి ఉంటే దాన్నే నమ్ముకునేదాన్ని," అంది.

ఆమె మళ్ళీ బీరు కాచడానికి చాలా నెలలు పట్టింది.

తెలియనప్పుడు తెలియదంటే పోయేది మన గొప్ప ఒక్కటే; తెలిసినట్టు నటిస్తే, మనల్ని నమ్మినవాళ్ళకి తమ మీద తమకున్న నమ్మకమే పోతుంది.