ఆదివారం ముక్క

యోనా మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకునేవాడు, తర్వాత ఏదో ఒక పని చెప్పేవాడు. జవాబు ఆ పనిలోనే ఉంటుందని శిష్యులందరికీ తెలుసు. దాన్ని వెతుక్కోవడానికి మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో కాలం పట్టేది. ఇద్దరు ముగ్గురైతే ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

బిట్రగుంట స్టేషన్ భోజనశాలలో ముప్పై ఏళ్లు వంట చేసి రిటైరైన మనిషి ఆయన. రైల్వే కాలనీ నిండా ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు ఉన్న రోజుల్లో వాళ్లకు స్టేక్ కాల్చి పెట్టాలంటే ఆయనే కాల్చాలి. పెద్దకూరను కారం, మసాలా దట్టించి గంటల తరబడి ఉడికించే ఊళ్లో, ఒకే ఒక్క పెద్ద ముక్కను ఇనప పెనం మీద పట్టుమని పది నిమిషాల్లో తేల్చేసే విద్య ఆయన చేతిలో ఉండేది. ఆ విద్య కోసం ఆయన పెరటి వంటపాకలో చేరినవాళ్లలో రూతమ్మ ఒకతె.

రూతమ్మకు ఇరవై ఆరేళ్లు. డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే గదుల దగ్గర అంట్లు తోమే పని. మాస్టారి దగ్గర చేరి పది నెలలైంది. చేతి చురుకు, నోటి చురుకు రెండూ ఒక పాలు ఎక్కువే. ఒక శుక్రవారం పొద్దున ఆమె చెప్పులైనా విడవకుండా వంటపాకలోకి పరుగెత్తుకొచ్చింది. మద్రాసులో ఒక పెద్ద హోటలువాళ్లు మొట్టమొదటిసారి ఆడవాళ్లను పొయ్యి దగ్గరికి తీసుకుంటున్నారట. పేరున్న వంటమాస్టరు రాసిచ్చిన ఉత్తరం మంగళవారంలోగా వాళ్లకు అందాలట. జన్మంతా అంట్లు తోమడమేనా అని మూడేళ్లుగా కుమిలిపోతున్న మనిషికి ఆ కబురు ఎలా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు.

“మాస్టారూ, ఒక్క మాట అడగతా. నేను తయారైనట్టా, కానట్టా?”

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నాడు. “ఆదివారం మీ ఇంటికి భోజనానికి వస్తా. స్టేక్ చేసి పెట్టు. ముక్క నువ్వే ఎంచు.”

“బాగా కుదిరితే ఉత్తరం రాసిస్తారా?”

“ముక్క బాగా ఎంచమ్మా,” అన్నాడాయన, కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ.

శనివారమంతా రూతమ్మ ఈ లోకంలో లేదు. గిన్నెలు తోముతూ తనలో తనే పాఠం అప్పజెప్పుకుంది. పిక్క సూపుకు. జబ్బ కూరకు, ఎంతసేపు ఉడికితే అంత రుచి. మెడ కైమాకు. తొడ చూపుకు ఘనంగా ఉంటుంది గానీ పెనం మీద మొండికేస్తుంది. వెన్నెముక లోపలివైపు సన్నటి ముక్క వెన్నలా ఉంటుంది, రుచి మాత్రం అంతంతే. ఇక మిగిలింది నడుము దగ్గర వెన్ను పైనుండే పట్టె. పక్కన కొవ్వు అంచు, సన్నటి కండపోగు, మెత్తదనమూ రుచీ రెండూ ఉన్నది అదొక్కటే. అదే తేవాలి. ఆ మాట తేల్చుకున్నాక ఆమెకు ఎంత సంబరమైందంటే తోమిన గిన్నెలనే మళ్లీ తోమింది.

ఆదివారం తెల్లవారుతూనే ఖాసిం దుకాణం ముందు మొదటి మనిషి ఆమే. ఖాసిం అప్పుడే దున్నను కోసి కొక్కేలకు తగిలిస్తున్నాడు.

“ఏందక్కా, కూరకేగా? అన్నీ కలిపి కొట్టమంటావా?” అన్నాడు. ఊళ్లో అందరూ అడిగేది అదే.

“కలిపేది లేదు, కొట్టేది లేదు. నడుం కాడి వెన్నుపట్టె చూపీ బాయ్.”

ఖాసిం కత్తి ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె పట్టెను బొటనవేలితో నొక్కింది, కొవ్వు తెల్లగా ఉందా లేదా అని వెలుతురుకు తిప్పి చూసింది, పోగు ఎటు నడిచిందో వేలితో గీసి, దానికి అడ్డంగా రెండు వేళ్ల మందాన రెండు ముక్కలు కోయమంది. ఒకటి మాస్టారికి, ఇంకొకటి మొదటిది ఖర్మగాలి మాడితే చేతిలో ఉండడానికి. ఖాసిం ఆమె చెప్పినట్టే కోశాడు. అంత తెలిసినవాళ్లు బేరానికి వస్తే అతనికీ సరదాయే.

“ఇదే పట్టె ఐసు పెట్టెలో ఇంకోటి ఉంది, గురువారం కోసింది,” అన్నాడు. “ఇంజనీరు గారి బంగళాకని ఉంచినా. కావాలంటే అందులోంచి ఇస్తా.”

“పాచిది నాకెందుకు బాయ్? ఇయ్యాళ మా ఇంటికొచ్చేది ఎవరనుకున్నావు?”

“నీ ఇష్టం అక్కా,” అన్నాడు ఖాసిం.

రూతమ్మ వాళ్ల వీధిలో మాంసం కొనడానికి ఒకటే పరీక్ష. ముక్క మీద అరచెయ్యి పెడితే వెచ్చగా తగలాలి. చల్లారిందంటే ఎవరో వద్దనుకుని వదిలేసిందని లెక్క. ఆమె చేతిలో ఉన్న ముక్క వెచ్చగానే కాదు, ఇంకా అక్కడక్కడ అదురుతోంది. ఇంతకన్నా మంచి ముక్క బిట్రగుంటలో మరొకరికి దొరకదని ఆమె ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచింది.

మాస్టారు చెప్పిన వేళకు వచ్చి పీట మీద కూర్చున్నాడు. రూతమ్మ తల్లి సంతోషమ్మ విసనకర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పెనం కాలి పొగ లేచాక రూతమ్మ ఉప్పూ మిరియాలూ అద్దిన ముక్కను వేసింది. చుయ్యిమన్న ఆ చప్పుడుకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. ఆమె చెయ్యి ఎక్కడా తడబడలేదు. ముందు కొవ్వు అంచును నిలబెట్టి కాల్చింది, ముక్కను ఒక్కసారే తిప్పింది, దించాక కాసేపు కదపకుండా వదిలేసింది. పైన ముదురు గోధుమ రంగు, కోస్తే లోపల గులాబీ రంగు. ఆ పళ్లెం తెచ్చి మాస్టారి ముందు పెట్టింది.

మాస్టారు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నములుతూనే ఉన్నాడు. రూతమ్మ ఆయన దవడను చూస్తూ నిలబడింది. అది ఆగేట్టు లేదు. చివరికి ఆయన మంచినీళ్లు తాగి ఎలాగో మింగాడు. ఆమె వంగి పళ్లెంలోంచి ఒక ముక్క తీసి తను తిని చూసింది. పంటికి లొంగలేదు. పాత చెప్పు అంచు కొరికినట్టుంది. అంతమంది చూస్తుండగా ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“తొడ ముక్క అంటగట్టినట్టున్నాడు ఖాసిం,” అంది తల్లి, కూతుర్ని కాపాడబోయి.

“కాదమ్మా, వెన్నుపట్టే. నేను నిలబడి కోయించినా,” అంది రూతమ్మ. అబద్ధమాడి తప్పించుకునే మనిషి కాదు.

మాస్టారు రెండో పచ్చి ముక్క ఎక్కడుందని అడిగాడు. తెచ్చి ఇస్తే శుభ్రమైన గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. “మంగళవారం పొద్దున రా,” అన్నాడు.

“మంగళవారానికి ఉత్తరం మద్రాసులో ఉండాల గదా మాస్టారూ?”

“తెలుసమ్మా,” అని ఆయన సైకిలెక్కాడు.

ఆ సాయంత్రం మద్రాసు వెళ్లే బండి కూత వేసి కదిలిపోతుంటే రూతమ్మ పెరట్లో కూర్చుని పెనం రుద్దుతూ ఏడ్చింది. సోమవారం ఏడుపు పోయి కోపం వచ్చింది. ఒక్క ముక్క గట్టిపడితే పది నెలల కష్టం కొట్టుకుపోవాలా అని మాస్టారిని మనసులో నాలుగు దులిపేసింది. మంగళవారం వెళ్లకూడదనే అనుకుంది. అయినా ఆ ముక్క ఎందుకలా మొరాయించిందో తెలియకపోతే ప్రాణం ఊరుకునేట్టు లేదు, వెళ్లింది.

మాస్టారు తన ఐసు పెట్టె మూత ఎత్తి, ఆదివారం తీసుకెళ్లిన ముక్కను బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. రంగు కొంచెం ముదిరింది. ఆమె బొటనవేలితో నొక్కింది. ఆదివారం మొండిగా తిరగబడిన ముక్క ఇప్పుడు వేలికింద నెమ్మదిగా ఒదిగింది. ఆమె పెనం పొయ్యి మీద పెట్టింది. అదే ఉప్పు, అవే మిరియాలు, అదే చెయ్యి. కోసేటప్పుడు కత్తి తనంతట తనే దిగింది. నోట్లో పెట్టుకోగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి. కోపం ఏమైపోయిందో ఏమో, పొయ్యి దగ్గరే గట్టిగా నవ్వేసింది.

పది నెలలుగా మాస్టారు పాఠానికి ముక్కను ఎప్పుడూ ఆ ఐసు పెట్టెలోంచే తీసేవాడని అప్పుడు గుర్తొచ్చింది. చెడిపోకుండా దాచుకుంటున్నాడని అనుకుంది తను, కోసిన ముక్క మెత్తబడడానికి రెండు మూడు రోజులు ఆగుతున్నాడని కాదు. లోకంలో ఉన్నవన్నీ అడిగిన మనిషి ఆ ఒక్కటీ అడగలేదు.

“ఏం చేశారు మాస్టారూ దీన్ని?”

“నేనేం చెయ్యలేదమ్మా. ఐసు మీద పెట్టి ఊరుకున్నా.”

రూతమ్మ ఇంకో ముక్క కోసి ఆయన పళ్లెంలో పెట్టింది. ఆయన రెండుసార్లు నమిలి మింగి, మరొకటి పెట్టమన్నట్టు పళ్లెం ముందుకు జరిపాడు. ఇక మద్రాసులో ఆ చోటు ఇంకెవరికో పోతుందని ఆమెకు తెలుసు. ఆ బాధ ఉంది, లేదనడానికి లేదు. అయినా శుక్రవారం అడిగిన మాట మళ్లీ నోటిదాకా వచ్చింది. ఈసారి పరుగున రాలేదు.

“మరి నేను, మాస్టారూ?”

ఆయన కళ్లజోడు తియ్యలేదు. ఏ పనీ చెప్పలేదు.

“ముక్క మంచిదమ్మా,” అన్నాడు. “ఆదివారం కూడా మంచిదే. తొందరపెట్టాం, అంతే.”