గోడ అవతల నుంచి నొక్కే రిమోటు

ఏసుపాదానికి, అదే మా పాదానికి, నిద్ర కరువైంది. కారణం వింటే నవ్వుతారు. కెమెరాని ముట్టుకోకుండా దూరం నుంచి ఫోటో తీసే రిమోటు ఒకటి కొనాలి, ఏది కొనాలో తేలడం లేదు. అంతే. ఫోన్లో ఒకడు ఇది బంగారం అంటాడు, ఇంకొకడు అదే కొని గోవిందా అయ్యానంటాడు. చూసీ చూసీ వాడి కళ్లు మండిపోతున్నాయి.

నవ్వితే నవ్వారు గానీ, అసలు సంగతి కూడా వినండి. వాళ్ల మేనత్త రూతమ్మకి దవడలో పుండు లేచింది. సోమవారం గుంటూరులో ఆపరేషను. దవడ సగం తీసేయాలి, మొహం మారిపోతుందని డాక్టర్లు ముందే చెప్పేశారు. తల్లి లేని పాదాన్ని, హాస్టల్లో వంట చేసి పెంచిన మనిషి ఆవిడ. ఆవిడ నవ్విందంటే వీధి చివర కోళ్లు బెదిరేవి. ఆ నవ్వు ఒక్కటి కోతకి ముందే ఫోటోలో పట్టుకోవాలని వాడి ఆరాటం.

ఆరాటం ఉంటే సరిపోతుందా? పాదం కెమెరాకి కన్ను ఆనించగానే రూతమ్మ నడుం నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, గుడ్లు మిటకరించి కూర్చుంటుంది. మా బందరులో ఆ ఈడువాళ్లంతా అంతే. హుసేను మాస్టారి స్టూడియోలో పెద్ద పెట్టె కెమెరా ముందు కూర్చుని, "ఊపిరి బిగబట్టండి, కదిలితే మొహం చెదిరిపోద్ది" అనిపించుకున్నవాళ్లు. ఆ కెమెరా పోయి ఎన్నేళ్లయిందో! వాళ్ల ఊపిరికి మాత్రం ఆ కబురు అందలేదు.

పాదం తీసిన ఫోటో చూసి రూతమ్మే అంది. "ఇదేంట్రా, దండ ఒక్కటే తక్కువ!"

పాదానికి నవ్వు రాలేదు.

వాడు పని నేర్చుకున్నది హుసేను మాస్టారి దగ్గరే. స్టూడియో ఇప్పుడు పేరుకే ఉంది. మధ్యాహ్నం పూట మాస్టారు ముందు గదిలో పడక్కుర్చీలో కళ్లు మూసుకుని పడి ఉంటారు. శనివారం నాడు పాదం షాపువాణ్ణి బతిమాలుకుని, చూసి ఇచ్చేస్తానని రెండు రిమోట్లు తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"ఇది టీవీ రిమోటు లాంటిది మాస్టారూ. కెమెరాకి ఎదురుగా ఉండి నొక్కితేనే పలుకుద్ది. ఇదేమో రేడియోది. గోడ అవతల నుంచి నొక్కినా పలుకుద్ది."

"నీకేది కావాలి?"

"గోడ అవతలదే. నేను వంటింట్లో దాక్కుని నొక్కుతా. అత్తకి నేను కనపడనే కనపడను. ఇంక ఊపిరెందుకు బిగబడుద్ది?"

"మరింకేం, కొనుక్కో."

"సమయానికి మొరాయిస్తే? రేపు సాయంత్రం బస్సెక్కాలి. ఇంక నాకు ఓపిక లేదు మాస్టారూ. మీరు ఏది చెబితే అది కొంటా."

మాస్టారు మోకాళ్లు పట్టుకుని, "యా అల్లా" అంటూ లేచారు. పాదాన్ని ఫోటో కుర్చీలో కూర్చోబెట్టారు. వాడి కెమెరాని స్టాండుకి ఎక్కించారు. రేడియో రిమోటు పట్టుకుని లోపలి గదిలోకి పోయి తెర దించేశారు.

పాదం కూర్చున్నాడు. చప్పుడు లేదు. కాలరు సర్దుకున్నాడు.

"మాస్టారూ, తీస్తున్నారా?"

తెర వైపు తొంగి చూశాడు.

"మాస్టారూ, నిద్రపోయారా ఏంటి?"

తెర కదలదు. ఎప్పుడు నొక్కుతారో తెలియదు. రెప్ప వేస్తే అప్పుడే నొక్కుతారేమోనని రెప్ప వేయడం మానేశాడు. మెడ పట్టేసింది. చివరికెప్పుడో కెమెరా టక్కుమంది.

మాస్టారు బయటికొచ్చి ఫోటో చూపించారు. "ఎవరిదిరా ఈ మొహం?"

పాదం చూశాడు. అచ్చం రూతమ్మ లాగే కూర్చున్నాడు.

"నాదే," అన్నాడు నీరసంగా.

మాస్టారు టోపీ పెట్టుకున్నారు. "పద, రూతమ్మ దగ్గరికి. కెమెరా, స్టాండు, ఆ టీవీ రిమోటు లాంటిది పట్టుకో."

రూతమ్మ వసారాలో చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వీళ్లని చూడగానే పైట సర్దుకుంది.

"రండి మాస్టారూ. మీరు కూడానా? నా మొహంతో ఇంతమందికి ఏం పని పడింది?"

"నొప్పెలా ఉందమ్మా?"

"ఉంది. నాతో పాటే అదీనూ."

మాస్టారు స్టాండు నిలబెట్టి, కెమెరా కుదిర్చి, పాదాన్ని చాప మీద ఆవిడ పక్కన కూర్చోమన్నారు. రిమోటు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టారు.

"ఫోటో తీసేది నువ్వేనమ్మా. దాని వైపు చూపించి నొక్కడమే. ఎప్పుడు నొక్కుతావో నీ ఇష్టం."

అని, బయట అరుగు మీదికి పోయి, అటు తిరిగి కూర్చున్నారు.

రూతమ్మ రిమోటుని తిప్పి తిప్పి చూసింది. "నేనా?" అంది. తర్వాత పాదాన్ని ఎగాదిగా చూసింది.

"చొక్కా గుండీ పెట్టుకోరా."

పెట్టుకున్నాడు.

"గడ్డం పైకెత్తు. మరీ అంత కాదురా, కోడిపుంజు లాగా!"

దించాడు.

"ఇప్పుడు ఊపిరి బిగబట్టు."

పాదం నిజంగానే బిగబట్టాడు. బుగ్గలు ఉబ్బాయి, మొహం కందగడ్డయింది. పాపం, అత్త చెబితే చేయడమే వాడికి చిన్నప్పట్నుంచీ తెలిసింది. రూతమ్మ చూసింది, చూసింది, ఇంక ఆగలేకపోయింది. "ఓరి నా తండ్రే!" అని, నొప్పి సంగతే మరిచిపోయి, నోరంతా తెరిచి నవ్వేసింది. నవ్వుతూనే నొక్కింది. మళ్లీ నొక్కింది.

పాదం లేచి కెమెరా వెనకున్న బుల్లి తెరలో ఫోటో చూశాడు. నిలువుగుడ్లేసుకుని తను. పక్కన అత్త, దవడా పళ్లూ అన్నీ ఉన్న మొహంతో. వాడికి దుఃఖం ఆగలేదు. కెమెరా ముందుకొచ్చి నిలబడి బావురుమన్నాడు.

"ఏడవకురా, ఫోటో చెడిపోద్ది," అంది రూతమ్మ. "తప్పుకో అవతలికి. అడ్డం."

పాదం కళ్లు తుడుచుకుంటూ అరుగు మీదికొచ్చాడు. మాస్టారు గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. లోపల రూతమ్మ ఒక్కతే కూర్చుని నొక్కుకుంటోంది. టక్కు టక్కుమని వినిపిస్తూనే ఉంది.

"మరి ఏది కొనమంటారు మాస్టారూ?"

మాస్టారు కళ్లు తెరవలేదు.

"ఆవిడ చేతిలో ఉన్నది," అన్నారు. "ఇస్తే."