జలాధికారి వంకాయ మడి

ఎండలు ముదిరితే చాలు, గజపురి రాజు మాధవభూపాలుడికి కొత్త ఆలోచనలు పుట్టుకొచ్చేవి. ఒక ఏడు చలివేంద్రాల్లో నీళ్లకు బదులు పానకం పోయించాడు. ఊళ్లో ఈగలన్నీ వచ్చి అక్కడే కాపురం పెట్టాయి. కానీ ఈసారి ఆయనకు వచ్చిన ఆలోచన మాత్రం మేలైనది.

ఊరి కాలువ నీళ్లు పెరటి తోటలకు చాలడం లేదు. పైవీధి వాళ్లు తూములు తెరిచేసి నిద్రపోతే, కిందివీధి వాళ్లకు బురదే మిగిలేది. రాజు ఒక తక్కెడ చేయించాడు. దానికి ఒక కొసన రాయి, రెండో కొసన మట్టి నింపిన గంప. తూములోంచి వచ్చే ధార ఆ గంపనూ తడుపుతూ మడిలోకి పోతుంది. మట్టి బాగా తడిసి బరువెక్కితే గంప కిందికి దిగి, దానికి కట్టిన పలక తూమును మూసేస్తుంది. మట్టి ఆరితే గంప లేచి తూము తెరుచుకుంటుంది. మనిషి కాపలా అక్కర్లేదు.

ఈ తక్కెడ పెట్టుకున్న ఇంటికి ఏడాదిపాటు నీటిపన్నులో సగం రాయితీ అని చాటింపు వేయించాడు.

రాయితీ ఎవరికివ్వాలో తేల్చేది జలాధికారి దండపాణి. ఆయనకు ముఖమల్ చెప్పులంటే ప్రాణం, బురదంటే రోత. తన తక్కెడకు వెదురు గంప నామోషీ అనుకుని ఇత్తడి గిన్నె పెట్టించాడు. లోపలి మట్టి తడిసి చిమ్మితే మెరుగు మాసిపోతుందని దానికి మూత కూడా బిగించాడు. మేడమీంచి చూసుకుని మురిసిపోయి, మొట్టమొదటి రాయితీ తనకే రాసుకున్నాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. తక్కినవాళ్ల గంపలకు వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. కిందివీధిలో పూలమ్ముకుని బతికే చెంగమ్మ పాతగంపతో తక్కెడ కట్టుకుంటే, చూడ్డానికి అసహ్యంగా ఉందని రాయితీ కొట్టిపారేశాడు. పౌర్ణమిలోగా పూర్తి పన్ను కట్టకపోతే ఆమె తూము మూసేస్తారు. మల్లెలు ఎండిపోతే చెంగమ్మ పొయ్యిలో పిల్లి లేవదు.

ఆమె వెళ్లి ఆస్థాన విదూషకుడు ఓబళయ్యతో మొరపెట్టుకుంది. ఓబళయ్య ఆమె పెరటికి వచ్చి చూశాడు. కాలికి బురద అంటలేదు గానీ మల్లెలు విరగబూసి ఉన్నాయి. అతనికి ఒళ్లు మండింది. తిరిగి వెళ్తూ దండపాణి తోట గోడమీంచి తొంగిచూశాడు. కోపమంతా పోయి నవ్వొచ్చింది.

మర్నాడు సభలో ఓబళయ్య ఇత్తడి గిన్నెను ఆకాశానికెత్తేశాడు. వెదురు గొప్పదో ఇత్తడి గొప్పదో కాపు చూసి తేల్చమనీ, రెండు తోటల నుంచీ ఒక్కో బుట్ట తెప్పించమనీ రాజును వేడుకున్నాడు. దండపాణి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వంకాయ మడిలో ఏది బాగా బలిసిందో అది బుట్టలో పెట్టి ముద్ర వేసి పంపమని తోటమాలి పోలయ్యకు కబురు చేశాడు. ఆ కబురు తనే మోసుకెళ్తానన్నాడు ఓబళయ్య.

పోలయ్య వంకాయ మడిలో మోకాల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. మూత తీయించమని చెప్పి చెప్పి, తిట్లు తిని ఊరుకున్న మనిషి. వంగమొక్కలు ఎప్పుడో కుళ్లిపోయాయి. మేడమీంచి పచ్చగా కనిపించేదంతా తుంగ.

"అయ్యగారి మాట అక్షరం తప్పకుండా చెయ్యి పోలయ్యా. ఏది బలిస్తే అదే పెట్టు" అన్నాడు ఓబళయ్య.

సభలో ముందు చెంగమ్మ బుట్ట విప్పారు. మల్లెల వాసన సింహాసనం దాకా వెళ్లింది. దండపాణి పెదవి విరిచాడు.

ఓబళయ్య రెండో బుట్ట చూపించి, ముద్ర తమదేనా అని వినయంగా అడిగాడు. తనదేనన్నాడు దండపాణి.

"ఇందులోది తమ వంకాయ మడిలో పెరిగిందేనాండీ?"

"ముమ్మాటికీ. నా మడిలో తప్ప అంత బలిసినవి ఇంకెక్కడా దొరకవు."

ముద్ర విప్పారు. రెండు కొర్రమీనులు ఎగిరి బయటపడ్డాయి. ఒకటి తిన్నగా వెళ్లి ముఖమల్ చెప్పు మీద పడింది.

ఇవేమిటని రాజు అడిగాడు.

"వంకాయలే ప్రభూ. గిన్నెకు మూత వేస్తే మట్టికి తడి తెలియదు, తూము మూసుకోదు. నీళ్లు ఎక్కువై తొడిమలకు బదులు తోకలొచ్చాయి."

రాజు కిరీటం జారేలా నవ్వాడు. చెంగమ్మకు అప్పటికప్పుడే రాయితీ ఇచ్చి, దండపాణి రాయితీ కొట్టేశాడు. ఇకమీదట జలాధికారి ప్రతి పెరట్లోనూ వట్టి కాళ్లతో దిగి చూశాకే మాట చెప్పాలన్నాడు. ముందు తన తోటలోనే దిగి మూత తియ్యాలన్నాడు. తరవాత నేలమీద కొట్టుకుంటున్న చేపలను చూసి, వీటిని ఏం చేద్దామని అడిగాడు.

"కాలువలో వదిలేద్దాం ప్రభూ. ఇన్నాళ్లూ తమ రాయితీ అనుభవించింది పాపం అవే."

సభంతా ఘొల్లుమంది. రాజు మెడలోని ముత్యాల హారం ఓబళయ్య మెడలో పడింది. దండపాణి చెప్పులు చేతపట్టుకుని తోటకు బయల్దేరాడు.