ఐలవ్వకు పట్టిన నీడ

ఒకప్పుడు గొర్రెకు గొర్రె అంటే అస్సలు పడేది కాదు. ఏంటర్రా, అలా చూస్తారు? ఇప్పుడంటే ఒకటి దూకితే అన్నీ దూకుతాయి. మనం 'గొర్రెదాటు' అని వెక్కిరిస్తాం. ఆ రోజుల్లో అలా కాదు. ఒకటి తూర్పుకు పోతే ఇంకొకటి కావాలనే పడమరకు పోయేది.

మేత దగ్గర గొడవ ఉండేది కాదు. గొడవంతా నీడ దగ్గరే. ఎండలో నిలబడితే ఒంటి కింద కాస్త నీడ పడుతుంది చూడండి, దానికి ప్రతి గొర్రే కాపలా కాసేది.

"నా నీడల కాలు పెట్టినవంటే చూడు!" అని ఒకటి అరిచేది.

"అబ్బో, పెద్ద నీడ! నాకు లేదా ఏంది?" అని ఇంకొకటి మూతి తిప్పేది.

పోనీ, ఆ నీడ తనకైనా పనికొచ్చేదా అంటే అదీ లేదు. తన నీడలోకి తన తల పెట్టుకుందామని ఎటు తిరిగినా నీడ కూడా అటే తిరిగేది. మధ్యాహ్నమయ్యేసరికి తలలు మాడిపోయేవి. మాడితే మాడనీ, పంతం పంతమే!

ఆ గొర్రెలు ఐలవ్వవి. ఐలవ్వకు ఎర్రనేలలో చిన్న జొన్నచేను ఉండేది. చుట్టుపక్కల పేరుకైనా ఒక చెట్టు లేదు. చేను పక్కనే ముళ్ళకంప కట్టిన దొడ్డి. తెల్లారితే చాలు, ఆమె దొడ్లోకి వెళ్ళి ఒక్కో గొర్రె కాలూ ఎత్తి చూసేది. ముల్లుంటే పీకేది. పుండుంటే వేపనూనె రాసేది. గద్దలు ఎత్తుకుపోకుండా గొర్రెపిల్లల్ని గంప కింద మూసేది.

పంట కోశాక రాత్రిపూట గొర్రెల్ని ఆ చేలోనే పడుకోబెట్టేది. వాటి ఎరువు పడ్డ చోటల్లా మరుసటేడు జొన్న మనిషిని మించి లేచేది. కొత్త జొన్నలతో చేసిన మొదటి రొట్టెను ఐలవ్వ తాను తినేది కాదు. ముక్కలు తుంచి గొర్రెలకు పెట్టి, "మీ పుణ్యమాని గింజ చూసిన తల్లీ" అని దండం పెట్టేది. అవేమో రొట్టె నమిలేసి, మళ్ళీ నీడ కోసం కొట్లాడుకునేవి. సిగ్గులేని గొర్రెలు!

ఐలవ్వ భుజం మీద ఎప్పుడూ ఒక నల్ల గొంగడి ఉండేది. గొర్రెలు కాసేవాళ్ళకు గొంగడే ఇల్లు. వానకూ అదే, ఎండకూ అదే. ఎండాకాలం గొంగడి లేకుండా మందతో పోవద్దని పెద్దలు గట్టిగా చెప్పేవాళ్ళు.

ఒక ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ముఖం మీద తెల్లమచ్చ ఉన్న బొల్లి అనే గొర్రెకు, మేతకు పోయిన దూరపు బీడులో నొప్పులు మొదలయ్యాయి. దొడ్డి చూస్తే చాలా దూరం.

"అవ్వా, నడవలేను!" అంది బొల్లి.

"నడవకు బిడ్డా, నేనున్న కదా!"

ఐలవ్వ చేతికర్రను నేలలో గుచ్చింది. తన నెత్తిమీది గొంగడి తీసి దానిమీద పరిచింది. గాలికి ఎగరకుండా అంచుల మీద రాళ్ళు పెట్టింది. చిన్న గుడిసె తయారైంది. బొల్లిని అందులో పడుకోబెట్టి, సొరబుర్రలో ఉన్న నీళ్ళన్నీ దాని నోట్లో పోసింది.

"అన్నీ నాకే పోస్తివి. మరి నీకో?" అంది బొల్లి.

"నాకేమైతదే? ఎండల పుట్టి ఎండల పెరిగినదాన్ని!" అని నవ్వింది ఐలవ్వ.

చూశారా, ఎదుటివాళ్ళకు కష్టమొస్తే తన సంగతే మర్చిపోయేది ఆ పిచ్చితల్లి.

పిల్ల పుట్టింది. ఐలవ్వ దాన్ని చెంగుతో తుడిచి, ముక్కు శుభ్రం చేసి, పొదుగు దగ్గర పెట్టింది. పిల్ల చీకడం చూసి, "బతికిపోయినవ్ పో" అంది. లేచి ఇవతలికి రెండడుగులు వేసిందో లేదో, కళ్ళు తిరిగి ఎండలో దబ్బున పడిపోయింది.

"అవ్వ పడ్డది! రండే! అందరూ రండే!" అని బొల్లి గొంతు పగిలేలా అరిచింది.

తూర్పుకు పోయినవి, పడమరకు పోయినవి పరుగెత్తుకొచ్చాయి. ఐలవ్వ పెదాలు ఎండిపోయాయి. ముఖం ఎర్రగా కాలిపోతోంది. పిలిస్తే పలకడం లేదు. గొంగడి తెచ్చి కప్పుదామని లాగాయి గానీ, రాళ్ళ బరువుకు అది కదల్లేదు. మందలోని ముసలి పొట్టేలు తలెత్తి సూర్యుణ్ణి చూసింది.

"అయ్యా సూర్యుడా! మా అవ్వ చచ్చిపోయేటట్టున్నది. జరంత పక్కకు జరుగు!"

"నేను జరిగితే ఎట్లా?" అన్నాడు సూర్యుడు. "ఊళ్ళో మిరపకాయలు ఎండాలి. చెరువులో నీళ్ళు మబ్బు కావాలి. నా దారి తప్పితే లోకం ఆగమైపోతుంది. అయినా నీడ కావాలని నన్నడుగుతావేం? మీ అందరికీ తలా ఇంత రోజూ ఇస్తూనే ఉన్నాను కదా!"

పొట్టేలు తన కాళ్ళ కిందికి చూసుకుంది. నిజమే, అక్కడ గంపంత నీడ ఉంది. గబగబా వెళ్ళి ఐలవ్వ తల దగ్గర నిలబడింది. ఆమె ముఖం మీద నీడ పడింది. ఒళ్ళంతా మాత్రం ఎండలోనే ఉంది.

"నా ఒక్కని నీడ చాలదు. మీరూ రండి!"

"నా నీడ నేనెట్ల ఇస్తా? పక్కదాని నీడ నా నీడల కలిస్తే..." అని ఒక గొర్రె నసిగింది.

పొట్టేలుకు ఒళ్ళు మండింది. "పొద్దుగాల నీ కాలిల ముల్లు తీసింది ఎవరే? నీ పిల్లను గద్ద నోట్ల పడకుండా కాసింది ఎవరే? అప్పుడు ఆమె నా చెయ్యి, నా కన్ను అని దాచుకున్నదా?"

ఆ గొర్రె తల వంచుకుని వచ్చి ఐలవ్వ పక్కన నిలబడింది. దాని వెనుక ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత మందంతా వచ్చింది. ఒంటికి ఒళ్ళు ఆనించి నిలబడితే, చిన్న చిన్న నీడలన్నీ కలిసి ఒక పెద్ద నీడ అయింది. ఎవరి నీడ ఏదో ఎవరికీ తెలియలేదు. ఐలవ్వ మొత్తం ఆ నీడలోకి వచ్చింది.

అవ్వకు ఊపిరి ఆడుతుందా లేదా అని గొర్రెలన్నీ తలలు కిందికి వంచి లోపలికి చూశాయి. చోటు చాలక ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల పెట్టింది. "లే అవ్వా, లే" అని మెల్లగా ఊదాయి. బొల్లి కూడా లేచి వచ్చి, ఆమె ముఖానికి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడింది. నిండిన పొదుగు నుంచి పాలు చుక్క చుక్కగా ఐలవ్వ పెదాల మీద పడ్డాయి.

ఒక చుక్క. ఇంకో చుక్క. అవ్వ గుటక వేసింది!

కాసేపటికి ఐలవ్వ కళ్ళు తెరిచింది. పైన ఆకాశం కనిపించలేదు. చుట్టూ ముక్కులు, కళ్ళు, వేలాడే చెవులు. పడుకున్న చోటి నుంచే అందరి మూతులూ తడిమింది.

"నా తల్లులారా, నన్ను బతికించిన్రు. మీ రుణం ఎట్ల తీర్చుకోను?" అని ఏడ్చేసింది.

"గట్ల అనకవ్వా! మొదలు నీళ్ళు పోసింది నువ్వే కదా!" అంది బొల్లి. అది కూడా ఏడుస్తూనే ఉంది.

ఎండ వాలేదాకా ఒక్క గొర్రె కూడా పక్కకు జరగలేదు. అప్పుడు తెలిసింది వాటికి, పక్కదాని నీడలో పెట్టిన తల ఎంత చల్లగా ఉంటుందో. ఇన్నాళ్ళూ ఎంత వెర్రిగా కొట్లాడుకున్నామా అనుకున్నాయి. ఐలవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఎండాకాలం రోజూ మధ్యాహ్నం గొర్రెలు ఆమెను మధ్యన కూర్చోబెట్టుకునేవి. ఒకనాటికి ఆమె ముసలితనంతో పోయింది. అయినా గొర్రెలు ఆమెకు నీడ పట్టడం మానలేదు.

అప్పటినుంచే, నెత్తిన ఎండ మండే వేళకు గొర్రెలన్నీ ఒకచోట చేరి, ఒకదాని పొట్ట కింద ఒకటి తల పెట్టుకుని, మధ్యలో అవ్వ పడుకుని ఉన్నట్టే కిందికి చూస్తూ కదలకుండా నిలబడతాయి.